రెండు మంచి మాటలు

పెనుకొండలో పొద్దున రైలెక్కేవాళ్లకు సీటు దొరకడం మామూలు విషయం కాదు. ధర్మవరం నుంచే నిండి వస్తుంది. అలాంటి రైల్లో కొన్ని నెలల పాటు నేను మహారాణిలా కూర్చుని హిందూపురం పోయాను. కారణం ధర్మవరంలో ఎక్కే ఒకావిడ. కిటికీ పక్కన తాను కూర్చుని, పక్క సీట్లో టిఫిన్ సంచీ పెట్టి, ఎవరొచ్చినా "మా అక్క వస్తాండాది" అని చెప్పి నా చోటు కాపాడేది. మాటలతో వినకపోతే పోట్లాడి మరీ కాపాడేది. నేను ఆవిడకు అక్కనేమీ కాను. హిందూపురం పక్కన ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను హెచ్ఆర్‌లో పనిచేస్తాను. ఆవిడ అదే ఫ్యాక్టరీలో షర్టులకు కాలర్లు కుడుతుంది. గేటు దాటి లోపలికి పోతే నేను మేడమ్‌ని, రైల్లో ఉన్నంతసేపూ అక్కని.

ఆవిడను ఆ పనిలో పెట్టించింది నేనే. హిందూపురంలో చుట్టాలింటికి పోతూ ఒకరోజు రైల్లో నా పక్కన కూర్చుంది. భర్త పట్టుచీరలు నేసేవాడు. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని ఆయన నడుము పాడైపోయింది. ఇక గుంటలో దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈవిడ అంతవరకూ ఇంట్లోనే ఆయన మగ్గానికి జరీ కండెలు చుట్టి ఇచ్చేది. మగ్గమే ఆగిపోయాక కండెలు ఎవరికి? అది చెప్పి, ఏడవకుండా, సంచీలోంచి బొరుగులు తీసి నాకు పెట్టింది. ఏడ్చి ఉంటే ఓదార్చి దిగిపోయేదాన్నేమో. బొరుగులు పెట్టేసరికి మా ఫ్యాక్టరీలో పని నేర్పిస్తారని చెప్పాను.

ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ రైలెక్కి పనికి పోయినవాళ్లు కాదు. భర్త వెనకాడాడు. నేను ఫోన్లో ఆయనతో మాట్లాడి, నేనున్నాను గదా, నేను చూసుకుంటాను గదా అని పెద్ద పెద్ద మాటలు చెప్పాను. అలాంటి మాటలు నా నోటికి తేలిగ్గా వస్తాయి. ఉద్యోగమే అది.

ఆవిడ నాకు చెడ్డపేరు తేలేదు. చేరిన కొద్దికాలానికే కాలర్ అతకడంలో చెయ్యి తిరిగింది. కొత్తగా చేరే అమ్మాయిలకు పని నేర్పే ట్రైనర్ పోస్టు ఖాళీ అయితే, అది ఆవిడకే ఇవ్వాలని మా ఫ్లోర్ ఇన్‌ఛార్జే నాతో అన్నాడు. ట్రైనర్ అంటే టార్గెట్ల గోల ఉండదు, రోజంతా మిషన్ మీద వంగక్కర్లేదు, పని కూడా పర్మినెంట్. ఒక నడుము పోయిన ఇంట్లో రెండో నడుమైనా నిలబడుతుందని నాకు లోపల లోపల సంతోషంగా ఉండేది. కాగితం చేతికొచ్చాక చెప్దామని ఆవిడకు మాత్రం చెప్పలేదు.

ఆ ఇన్‌ఛార్జ్ గురించి చెప్పాలి. బెంగళూరు వైపు నుంచి మాకు కొత్తగా వచ్చాడు. మాతృభాష కన్నడం. భారీ మనిషి, మిషన్ల మోతను మించిన గొంతు. ఆయన తెలుగంతా ఫ్లోర్ మీదే నేర్చుకున్నాడు. ఫ్లోర్ మీద ఆయనకు తెలుగుతో అవసరం ఎక్కువగా తిట్టడానికే పడింది గనక ఆ శాఖలో మాత్రం మంచి ప్రావీణ్యం సంపాదించాడు. గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చినవాళ్లను అందరి ముందూ కడిగేసేవాడు. చెడ్డవాడా అంటే కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయేవాడు, దారి పొడుగునా తిడుతూ.

ఇంతలో పై ఆఫీసు నుంచి నాకొక పని వచ్చింది. మనుషులు చేరినట్టే చేరి మానేస్తున్నారు, కాబట్టి సూపర్‌వైజర్లందరికీ మోటివేషన్ మీద క్లాసు తీసుకోమన్నారు. దూరవిద్యలో ఎంబీఏ చదివినప్పుడు ఆ సిద్ధాంతాలన్నీ బట్టీపట్టి పాసైనదాన్నే. మళ్లీ పుస్తకాల దుమ్ము దులిపాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, క్యాంటీన్‌లో ఇంకా సాంబారు వాసన పోకముందే, గోడ మీద ప్రొజెక్టర్ వేసి మొదలుపెట్టాను.

మనిషి అవసరాలు ఐదంతస్తుల మేడలాంటివని చెప్పాను. అడుగున తిండీ నిద్రా, ఆ పైన భద్రత, ఆ పైన నలుగురిలో ఒకరిగా ఉండటం, ఆ పైన గౌరవం, అన్నిటికన్నా పైన మనలో ఉన్న శక్తి బయటికి రావడం. కింది అంతస్తు గట్టిపడితే గాని మనిషి పై అంతస్తు గురించి ఆలోచించడన్నాను. వెనక బెంచీలోంచి ఒక సూపర్‌వైజర్ లిఫ్టు ఉండాదా మేడమ్ అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్లు మండింది. జీతం, ఫ్యాన్లు, మరుగుదొడ్లు సరిగ్గా ఉంటే మనిషి గొణగడం మానేస్తాడు తప్ప పని మీద ఇష్టం పెంచుకోడని ఇంకొక సిద్ధాంతం చెప్పాను. అప్పటికి సగంమంది కళ్లు వాలిపోయాయి. చివరికి, పై అధికారులు రెండు రకాలన్నాను. మనిషి పుట్టుకతోనే సోమరి, వెంటపడకపోతే పనిచేయడు అనుకునేవాళ్లు మొదటి రకం. నమ్మితే మనిషి తనంతట తానే పనిచేస్తాడు అనుకునేవాళ్లు రెండో రకం.

క్లాసు మొత్తంలో కళ్లు ఆర్పకుండా విన్నది ఇన్‌ఛార్జ్ ఒక్కడే. అందరూ వెళ్లాక కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, తాను మొదటి రకమా అని అడిగాడు. అనుమానమే లేదు సార్ అనేశాను. ముఖం చిన్నబోయింది. అంత పెద్ద మనిషి ముఖం చిన్నబోతే చూడటం కష్టం. నాకు జాలేసి, సిద్ధాంతాలు పక్కనపెట్టి ఒకటే ఉపాయం చెప్పాను. లేటుగా వచ్చినవాళ్లను గేటు దగ్గర నిలదీయకండి, వాళ్లు కారణం చెప్తుంటే వినండి, రెండు మంచి మాటలు చెప్పి లోపలికి పంపండి. అంతే. డాక్టరు మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్తుంటే రోగి విన్నట్టు విని, తలూపి పోయాడు.

మర్నాటి నుంచే మందు వేసుకోవడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నిలబడి అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాడు. నవ్వాడు. అలవాటు లేని ముఖం కావడం వల్ల ఆ నవ్వు పంటినొప్పిలా ఉండేది. రెండు రోజులు తిరక్కుండానే ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న పుకారు పుట్టింది. ఇన్‌ఛార్జ్ నగుతాండాడంటే ఏదో జరగబోతాండాదని క్యాంటీన్‌లో ఒకటే గుసగుసలు. మూసెయ్యడం లేదమ్మా, క్లాసు విన్నాడంతే అని అందరికీ చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

అట్లాంటి రోజుల్లోనే ఒకనాడు నా ధర్మవరం చెల్లెలు రైల్లో కనిపించలేదు. నేను నిలబడే హిందూపురం చేరాను. ఆవిడ చాలా ఆలస్యంగా బస్సు పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ఆ సమయానికి నేను ఫ్లోర్ గుమ్మం దగ్గరే ఉన్నాను. ఇన్‌ఛార్జ్ ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున భర్త మంచం మీద నుంచి లేవలేకపోయాడట, నడుము పట్టేసిందట, ఇద్దరు మనుషులను పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయి ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టి వచ్చిందట. ఆయన కొంతసేపు విన్నాడు. గడియారం వైపు చూడనైనా చూడలేదు. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, నవ్వి, చాలు చాలు, పోయి పని చూసుకోమ్మా అని లోపలికి పంపాడు. పంపి నా వైపు చూశాడు, లెక్క సరిగ్గా చేసిన పిల్లవాడు టీచరమ్మ వైపు చూసినట్టు. నేను తలూపాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. సిద్ధాంతాలు పనికిరావని ఎవరన్నారు?

ఆ సాయంత్రం ఆఫీసులో పని తెమలక నేను మా రైలు అందుకోలేదు. మర్నాడు కూడా ఆవిడ రైల్లో లేదు. ఆ సీట్లో ఎవరో పెద్దాయన కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. భర్తకు ఇంకా తగ్గలేదేమో అనుకున్నాను. ఫ్యాక్టరీ చేరాక గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను పిలిచి, ఆవిడ ఐడీ కార్డూ, దారాలు కత్తిరించే చిన్న కత్తెరా నా చేతిలో పెట్టాడు. ముందు రోజు సాయంత్రం పోతూ పోతూ ఇచ్చిపోయిందట. ఏమీ చెప్పలేదట.

ఫోన్ చేస్తే మొదట ఎత్తలేదు, తర్వాత స్విచాఫ్ వచ్చింది. ఇక నేను కాలు గాలిన పిల్లిలా ఫ్లోర్ అంతా తిరిగాను. నా ఐదంతస్తుల మేడలో ఏ అంతస్తు కూలిందా అని ఒక్కొక్కటే తట్టి చూశాను. తిండా? ఆవిడ ఇంటి నుంచే క్యారియర్ తెచ్చుకుంటుంది. భద్రతా? ఆవిడ లైన్లో ఫ్యాన్లూ బాగున్నాయి, మరుగుదొడ్లూ బాగున్నాయి. నలుగురిలో ఒకరిగా ఉండటమా? పక్క మిషన్ల వాళ్లను అడిగితే, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదనీ, తలొంచుకుని కుట్టిందే కుట్టిందనీ, మామూలు రోజుకన్నా ఎక్కువే కుట్టిందనీ చెప్పారు. గౌరవమా? గౌరవం సంగతి నా కళ్లతో నేనే చూశాను గదా. వేరే ఫ్యాక్టరీ వాళ్లు లాక్కుపోయారేమోనని కూడా అనుమానం వచ్చింది. అట్లా చేసే మనిషి కాదని తెలిసి కూడా, వేరే కారణం దొరక్క, ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను. నాకొక్క మాట చెప్పి పోతే ఏం పోయింది?

ఇన్‌ఛార్జ్ నాకన్నా దిగాలుపడ్డాడు. తాను ఏమీ అనలేదనీ, మంచి మాటే చెప్పాననీ, మీరే చూశారు గదా అనీ కనిపించినప్పుడల్లా నాతో అనేవాడు. చూశాను సార్ అనేదాన్ని. ఆయనకు నేనే సాక్షిని.

మా మేనేజర్ మాత్రం రూలు రూలే అన్నాడు. చెప్పకుండా మానేస్తే పేరు తీసెయ్యాలి. నేను బతిమాలితే సోమవారం దాకా ఆగుతానన్నాడు. సోమవారం ఆవిడ మిషన్ దగ్గర లేకపోతే పేరూ పోతుంది, ట్రైనర్ పోస్టూ ఇంకొకరికి పోతుంది. తర్వాత ఎప్పుడైనా తిరిగి వచ్చినా మళ్లీ హెల్పర్‌గా మొదట్నుంచీ మొదలుపెట్టాల్సిందే. మగ్గం లేని ఆ ఇంటికి ఆధారం ఈ ఉద్యోగం ఒక్కటే. అది ఊడితే, చూసుకుంటానని ఆ భర్తకు మాటిచ్చిన నేను ఏ ముఖం పెట్టుకోవాలి?

ఆదివారం పొద్దున పెనుకొండలో బస్సెక్కి, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం పోయాను. వాళ్ల వీధి కనుక్కోవడానికి కొంత తిరగాల్సి వచ్చింది. ఆ వీధిలో ఆదివారమని లేదు, ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు వస్తూనే ఉంది. చప్పుడు లేని ఇల్లు చూసి ఇదే అయ్యుంటుందనుకున్నాను. అదే.

ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎవరి మగ్గానికో జరీ కండెలు చుట్టి పెడుతోంది. నన్ను చూసి లేచింది. "రాండి మేడమ్" అంది. ఆ ఇంట్లో, ఆ వీధిలో, గేటుకు అన్ని మైళ్ల దూరంలో నేను మేడమ్‌ని అయిపోయాను. అది మనసుకు గుచ్చుకుంది. లోపల భర్త నడుముకు బెల్టు కట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. మూసేసిన మగ్గం గుంట మీద చాప వేసి నన్ను కూర్చోమన్నారు. నీళ్లిచ్చారు, కాఫీ ఇచ్చారు. అన్నీ ఇచ్చారు గానీ కారణం మాత్రం ఇవ్వలేదు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అంటే లేదంది. ఒంట్లో బాగలేదా అంటే బాగుందంది. నాకు విసుగొచ్చి, నీకోసం ట్రైనర్ పోస్టు పెట్టుకున్నారు, రేపు రాకపోతే పేరు కొట్టేస్తారు, తెలుసా నీకు అని గొంతు పెంచాను.

ఆవిడ చేతిలోని కండె ఆగింది. భర్త నోరు తెరిచాడు.

"కొట్టేయనీ మేడమ్. ఇన్ని నెల్లుగా మమ్మల్ని సాకుతాండేది ఆయమ్మి. మా నడుము సంగతి ఈ వీదిలోనే ఎవురికీ చెప్పుకోలేదు మేము. ఆ పొద్దు మీ ఆఫీసర్‌కి చెప్పుకునింది. అట్లాటిదాన్ని పట్టుకొని సాకులంట. పో అన్యాడంట."

నాకు అర్థం కాలేదు. ఎవరన్నారు అట్లా? నేను అక్కడే ఉన్నానే, అట్లా ఎవరూ అనలేదే అన్నాను.

అప్పుడు ఆవిడ తలెత్తింది. "మీరు ఉండంగానే గదా మేడమ్ అనింది. చెప్పేది అయిపోకముందే చెయ్యి అడ్డం పెట్టి, నగుతా, 'సాకు సాకు, హోగమ్మా' అన్యాడు. మీరు కూడా తలకాయ ఊపితిరి."

అప్పుడు అసలు సంగతి వెలిగింది నాకు. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. నా ఎదురుగా నడుము పోయిన మనిషీ, మర్యాద పోయిందనుకుంటున్న ఇల్లాలూ కూర్చుని ఉంటే నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. భర్త ముఖం ఎర్రబడింది. ఆవిడ లేచి నిలబడింది.

నేను పుట్టింది మడకశిర పక్క. మా ఇంట్లో తెలుగూ కన్నడమూ ఒకే కుండలో ఉడికేవి. అన్నం వడ్డిస్తుంటే అవ్వతో కన్నడంలో సాకు అనేదాన్ని. అంటే చాలు అని. బడికి పోనని మొండికేస్తే నాయన తెలుగులో సాకులు చెప్పొద్దు అనేవాడు. ఆ రెండూ ఒకటే మాటలా వినబడతాయని నా జన్మలో ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర ఇన్‌ఛార్జ్ అన్నది నా చెవిన పడింది కన్నడంలో. మనసులో నిలిచింది మాత్రం చాలు చాలు అనే. ఇంత కష్టం చెప్పుకోనక్కర్లేదు, చాలమ్మా, పోయి నీ మిషన్ దగ్గర కూర్చో అన్నాడాయన. తిట్లన్నీ తెలుగులో నేర్చుకున్నాడు గానీ, దయ చూపించాల్సి వచ్చేసరికి పాపం ఆయనకు అమ్మభాషే నోట్లోకి వచ్చింది. ఈవిడకేమో కన్నడంలో తెలిసింది ఒక్క హోగు. అది ఈ ప్రాంతంలో ఎవరికైనా తెలుస్తుంది. పొమ్మన్నాడన్నది అర్థమైంది, సాకన్నది తెలుగులో అర్థమైంది. రెండూ కలిపితే ఏమవుతుందో అదే అయింది.

ఇదంతా నవ్వు మధ్య మధ్య చెప్పాను. వాళ్లు నమ్మలేదు. నేను ఆఫీసు మనిషిని, ఆఫీసరును వెనకేసుకొస్తున్నాననుకున్నారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఆయన్నే అడుగుదామని ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి ఇన్‌ఛార్జ్‌కు చేశాను. మంచి భోజనాల వేళ. అటువైపు కంచాల చప్పుడు వినిపించింది. చెప్పండి మేడమ్ అంటూనే ఆయన గొంతు పక్కకు తిప్పి భార్య మీద అరిచాడు.

"సాకు కణే, సాకు! హాకబేడ!"

ఏం సాకు సార్ అన్నాను.

"రాగి ముద్దె మేడమ్. వద్దంటే ఇంగొకటి ఏస్తా ఉంది. పొట్ట పగల్తుంది. సాకు అంటే ఇనదు."

ఫోన్ చాప మీద పెట్టి ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. కాదు. భర్త గోడ పట్టుకుని నవ్వుతూ, నవ్వితే నడుము నొప్పి పుడుతోందని మూలుగుతూ, అది ముద్ద కాడ అనే మాటా అని అడిగాడు. ఇన్‌ఛార్జ్ ఫోన్లో హలో హలో అని అరుస్తూనే ఉన్నాడు. రేపు చెప్తాను సార్, మీరు భోంచేయండి అని పెట్టేశాను. నా ఒంట్లోంచి ఏదో బరువు దిగి ఆ చాప మీద కూలబడినట్టు అనిపించింది. అంతసేపు ముట్టని కాఫీ, చల్లారిపోయినా, ఒక్క గుక్కలో తాగేశాను.

"అయితే హోగమ్మా అనింది పనికి పొమ్మనా అక్కా?" అని అడిగింది ఆవిడ. ఆ అక్కా అన్న మాట వినేసరికి ఈసారి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

అయినా రేపు వస్తావా అంటే గట్టిగా అవునని చెప్పలేదు. కార్డు ఇచ్చేసి వచ్చినానే, మళ్లీ ఏ మొకంతో పోయేది అంది. కార్డు నా బ్యాగులోనే ఉంది, కత్తెర కూడా ఉంది అన్నాను. నేను అప్పుడే ఇచ్చేద్దామనుకున్నాను గానీ ఆవిడ చెయ్యి చాపలేదు. బలవంతం చేయలేదు నేను. అన్నం తినిపించి గాని పంపలేదు నన్ను. వడ్డిస్తుంటే భర్త నన్ను చూస్తూ, సాకు అనండి మేడమ్ అని ఆటపట్టించాడు.

సోమవారం పొద్దున పెనుకొండ ప్లాట్‌ఫాం మీద నేను పడ్డ ఆరాటం ఏ పరీక్ష ఫలితాల రోజునా పడలేదు. రైలు వచ్చింది. రోజూ ఎక్కే పెట్టె నా ముందు నుంచి మెల్లగా జరిగి ఆగింది. కిటికీలు ఒక్కొక్కటే చూస్తున్నాను. ఒక కిటికీ దగ్గర పెద్ద గొడవ జరుగుతోంది. ఎవరో లావుపాటి ఆయన కూర్చోబోతే, సంచీ మీద చెయ్యేసి, మా అక్క వస్తాండాదంటే ఇనపల్లేదా అంటోంది ఒక గొంతు. అంత మధురమైన కొట్లాట నా జీవితంలో వినలేదు. ఎక్కి కూర్చుని, బ్యాగులోంచి కార్డు తీసి ఇచ్చాను. మెడలో వేసుకుంది.

ఫ్యాక్టరీలో ఇన్‌ఛార్జ్‌కు సంగతి చెప్పింది నేనే. ఆ పెద్ద మనిషి కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. తిట్టినన్నాళ్లూ ఈయమ్మ మానలేదు మేడమ్, మంచి మాట చెప్తే మానేసింది అన్నాడు. తర్వాత లేచి ఆవిడ మిషన్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. లైనంతా మిషన్లు ఆపి చూస్తోంది. నోట్లోకి వచ్చిన మాటను మింగినట్టున్నాడు. చివరికి, మీ ఆయనకు నడుము ఎట్లా ఉందమ్మా అని తెలుగులో అడిగాడు. ఆవిడ లేచి నిలబడి, తగ్గిందని చెప్పింది. మరింకేం, కూర్చోమ్మా అన్నాడు. అంతే జరిగింది. మధ్యాహ్నానికి మేనేజర్ ట్రైనర్ కాగితం మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం రైల్లో ఇద్దరం పక్క పక్కన కూర్చున్నాం. నాకొక సందేహం మిగిలిపోయింది. లైన్లో చుట్టూ ఉన్నవాళ్లంతా హిందూపురం వాళ్లే. కన్నడం అందరికీ వచ్చు. పక్క మిషన్ ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది గదా, లేదా నన్నే అడగొచ్చు గదా, ఎందుకు అడగలేదు అన్నాను.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "అడిగితే అదీ ఒక సాకే అనుకుంటారేమోనని, అక్కా" అంది.

మేడకు ఎన్ని అంతస్తులు కట్టుకున్నామో చెప్పాను గానీ, ఒక్క మాటతో మనిషి లోపలే తలుపేసుకుంటుందని, మళ్లీ తీయడానికి కూడా చెయ్యి రాదని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాకెవరూ చెప్పలేదు. తలుపు తెరుచుకుంది గనక ఇప్పుడు కూర్చుని ఇట్లా రాస్తున్నాను. ఆ ఫోన్ వేళ ఆయన ముద్ద తింటూ ఉండకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

పెనుకొండ వచ్చింది. దిగి కిటికీ దగ్గరికి వచ్చాను. ఆవిడకు ఇంకా ఏదో చెప్పాలని ఉంది. మీరు రాకపోయింటే అంటోంది, నిన్న మా ఇంటాయన మీతో అట్లా మాట్లాడినాడని ఏమీ అనుకోవద్దంటోంది, రేపు కూడా సీటు పట్టింటానంటోంది. రైలు కదలడానికి కూత వేసింది. నేను చెయ్యెత్తి అడ్డం పెట్టాను.

"సాకు సాకు, హోగమ్మా" అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి పకపకా నవ్వింది. రైలు ప్లాట్‌ఫాం దాటేదాకా ఆ నవ్వు వింటూ నిలబడి, తర్వాత ఇంటికి పోయాను.